చేతిలో ఉన్నది

తార్నాకలో కిరాణా, పచ్చళ్ళ కొట్టు తెరిచిన రోజున నా చేతిలో ఉన్నది బియ్యం కొలిచే ఒక ఇత్తడి మానిక, నా పక్కన ఉన్నది సమ్మయ్య. మానిక మా నాన్న తెనాలి నుంచి ఇచ్చి పంపాడు. సమ్మయ్య మాణికేశ్వర్ నగర్ నుంచి తనంతట తానే వచ్చి, నువ్వు సగం నేను సగం అన్నాడు. ఆ రెండింటితో మొదలుపెట్టిన వ్యాపారం ఇది.

ఈ ఉదయం కొట్టు తెరవలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మె వల్ల కాదు. బస్సులు ఆగిపోయి, బజారంతా మూసేసిన రోజుల్లో కూడా మేము వెనక తలుపు తీసి హాస్టలు పిల్లలకు సరుకు ఇస్తూనే ఉన్నాం. ఇవాళ తాళంచెవులు రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది సమ్మయ్యది, మొన్న సాయంత్రం ఆసుపత్రి వరండాకు మళ్ళీ వచ్చి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇడ్లీ చల్లారిపోతోంది," అన్నాను.

"సూది వేసుకోకుండా ఎలా తింటాను?" అంది నా భార్య కాత్యాయని మంచం మీంచి.

"అమ్మాయి తలుపు తీయదే."

"తీస్తుంది. మీరు కాసేపు అరవకుండా ఉండండి."

మా అమ్మాయి శ్రీలలిత ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి గదిలోనే ఉంది. నర్సింగులో చేరి ఇంకా ఏడాది తిరగలేదు. వాళ్ళ కాలేజీలో మందుల లెక్కల పరీక్ష అని ఒకటి పెడతారు. ఒక్క తప్పు కూడా లేకుండా నెగ్గితేనే వార్డులో అడుగుపెట్టనిస్తారు. మా అమ్మాయి నెగ్గింది. రేపు వార్డులో మొదటి రోజు. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారం హాల్లో కొక్కేనికి వేలాడుతోంది.

పరీక్ష నెగ్గిన మర్నాడే కాత్యాయని మురిసిపోయి, ఇక కాంపౌండరు ఎందుకు, నా ఇన్సులిన్ నా కూతురే వేస్తుంది అంది. చదువుకునే పిల్లలు ఇంట్లో ఎవరికీ సూది వేయకూడదని కాలేజీలో గట్టి నియమం ఉంది. దాటినవాళ్ళను ప్రమీలమ్మ టీచరు వార్డు గడప తొక్కనివ్వదు. ఇంట్లో సంగతి ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం.

వేసింది. అరగంట గడిచేసరికి కాత్యాయని ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, నన్ను చూసి ఎవరు మీరు అంది.

ఎక్కింది రోజూ వేసుకునే పదహారు యూనిట్లు కాదు, నలభై అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. సీసా చేతిలోకి తీసుకుని, "ఇది వంద సీసా. ఎవరు తెచ్చారు?" అని అడిగాడు. మా వీధి మందుల షాపు మూసి ఉంటే, సమ్మయ్య వాళ్ళ బస్తీ షాపు నుంచి తెచ్చాడు. అంతే, మిగతాది వినకుండా నేను సమ్మయ్య వైపు తిరిగాను. నేనేమన్నానో వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

"ఆ సీసా పారేసి, ఎక్కడున్నా పాతరకం వెతుక్కొస్తాను," అన్నాను ఇప్పుడు.

"వద్దు. అదే వాడమన్నారు," అంది కాత్యాయని.

"నిన్ను చంపబోయిన మందును మళ్ళీ వాడమన్నారా?"

నేను ముప్పై ఏళ్ళుగా సరుకు అమ్ముతున్నవాణ్ణి. పాడు సరుకును ఎవరూ మళ్ళీ వాడమనరు. ఎక్కడో లెక్క కుదరడం లేదు.

గది తలుపు కొట్టాను. "శ్రీ, బయటికి రామ్మా. తిట్టడానికి కాదు. ఒక లెక్క చెప్పు."

"ఏం లెక్క?"

"పదహారు నలభై ఎలా అయిందో."

తలుపు తెరుచుకుంది. ముఖం వాచిపోయి ఉంది. "డాక్టరుగారు చెప్పారు కదా నాన్నా."

"ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. నువ్వు కొట్టు భాషలో చెప్పు."

వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి నేలచూపుతో మొదలుపెట్టింది.

"కావలసినది, చేతిలో ఉన్నది. మాకు మొదటిరోజు నేర్పింది ఇదే. డాక్టరు రాసింది కావలసినది. సీసాలో ఎంత చిక్కగా ఉందో అది చేతిలో ఉన్నది. కావలసినదాన్ని చేతిలో ఉన్నదాంతో భాగిస్తే ఎంత లాగాలో వస్తుంది."

"మేమూ అదే కదా చేస్తాం."

"అమ్మకు కావలసింది పదహారు యూనిట్లు. పాత సీసాలో ఒక్కో ఎమ్మెల్‌కు నలభై యూనిట్లు ఉంటాయి. ఎర్రమూత సూది దానికోసమే తయారుచేసింది. పదహారు గీత దాకా లాగితే పదహారే వస్తుంది. మనం భాగించక్కర్లేదు, గీతల్లోనే భాగించి ఉంటుంది."

"కొత్త సీసాలో?"

"అదే ఎమ్మెల్‌కు వంద."

"అంటే చిక్కన."

"రెండున్నర రెట్లు చిక్కన. దాన్ని ఎర్రమూత సూదిలోకి పదహారు గీత దాకా లాగితే..." ఆగిపోయింది.

నలభైలో పదహారు అంటే అయిదింట రెండు వంతులు. వందలో అయిదింట రెండు వంతులు నలభై. నోటితోనే లెక్క తేలిపోయింది.

నాకు మా కొట్టు మొదటి రోజు గుర్తొచ్చింది. నా మానిక చూసి సమ్మయ్య తన ఇంటి నుంచి ఇంకో మానిక తెచ్చాడు. రెండింటినీ మానికే అన్నాం. నాది నిండా బియ్యం తీసి అతనిదాంట్లో పోస్తే వెలితి మిగిలింది. "మీ మానిక చిన్నది అన్నా," అని సమ్మయ్య పడి పడి నవ్వాడు. అదే రోజు కాటా కొన్నాం. మానికలు రెండూ గల్లా పెట్టె పైన అరలో ఉండిపోయాయి.

"అయితే మందు తప్పు కాదు," అన్నాను.

"కాదు నాన్నా."

"సూది తప్పు."

"వంద సీసాకు నారింజరంగు మూత ఉన్న సూది వాడాలి."

"అదన్నమాట. సీసా తెచ్చి సూది తేలేదు. సగం సరుకు తెచ్చి చేతులు దులుపుకున్నాడు. కావాలని చేయకపోయినా తప్పు సమ్మయ్యదే."

శ్రీలలిత వాళ్ళమ్మ వైపు చూసింది. కాత్యాయని గోడ వైపు తిరిగి పడుకుంది. బేరం దగ్గర ఎదుటివాడు ఇలా ముఖం తిప్పుకుంటే సరుకులో ఏదో ఉందని నాకు తెలుసు.

"ఏం? నేనన్నది తప్పా?"

"అమ్మా," అంది శ్రీలలిత. "ఇచ్చేయమ్మా."

కాత్యాయని ఇటు తిరగకుండానే దిండు కింద చేయి పెట్టింది. మందుల షాపు వాళ్ళ చిన్న కాగితం కవరు తీసి మంచం మీద పడేసింది. విప్పి చూశాను. విప్పని సూదులు. అన్నింటికీ నారింజ మూతలే.

"ఇవెక్కడివి?"

"సీసాతో పాటే తెచ్చాడు," అంది కాత్యాయని.

"బాబాయ్ నా చేతికే ఇచ్చాడు నాన్నా. సూది మారింది బిడ్డా, రెండూ కలిపే వాడాల్నట, జర సూస్కో అన్నాడు. నేను ఫోన్లో ఉన్నాను. మా వాళ్ళకు మార్కుల సంగతి చెబుతున్నాను. సరే సరే అని కవరు ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆ పొద్దున సీసా ఒక్కటే తీశాను. సూది మామూలుగా అమ్మ డబ్బాలోంచి తీసుకున్నాను. సీసా మీద చదవలేదు. చదవాలని పరీక్షలో రాశాను, ఇంట్లో చదవలేదు."

"నేను సమ్మయ్యను అన్నేసి మాటలు అంటున్నప్పుడు నువ్వు స్ట్రెచరు పక్కనే నిలబడి ఉన్నావు."

"ఉన్నాను."

"నోరు తెరవలేదే?"

"దాన్ని అడగకండి," అంది కాత్యాయని, లేచి కూర్చుని. "గ్లూకోజు ఎక్కాక నాకు తెలివొచ్చింది. మీ మాటలు వినపడ్డాయి. అది నోరు తెరవబోతే చెయ్యి నొక్కింది నేనే."

"ఎందుకు?"

"చుట్టూ ఉన్నవాళ్ళంతా నర్సులు. ఒక్కరు విన్నా ప్రమీలమ్మ చెవిన పడేది. దీని చదువు ఆ వరండాలోనే సరి."

"మరి సమ్మయ్య?"

"ఆయన మగవాడు. సొంత ఊరు. ఇప్పుడు వీధులన్నీ వాళ్ళవే కదా, ఎక్కడైనా బతుకుతాడు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

"నాకైనా చెప్పాల్సింది కదే. ఇంటికొచ్చాకైనా."

"చెబితే మీరు ఆ క్షణమే సమ్మయ్య దగ్గరికి పరిగెత్తుతారు. మీ సంగతి నాకు తెలియదా? మీరు అబద్ధం ఆడలేరు, తక్కువ తూచలేరు. అందుకే మీకు నిజం ఇవ్వలేదు."

అది మెప్పో తిట్టో నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా ఒకే కంచం దగ్గర కూర్చున్న ఇద్దరు, నా కళ్ళముందే ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకుని, నన్ను పరాయి కొనుగోలుదారుణ్ణి చేశారు.

కాత్యాయని చీర కొంగు పక్కకు తీసి జబ్బ చూపించింది. "ముందు సూది వెయ్యవే. తినే వేళ దాటిపోతోంది."

"నేనా?"

"మరెవరు?"

శ్రీలలిత ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి సీసా తెచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టుకుని పైకి చదివింది. మందు పేరు. వంద. నారింజ మూత. పదహారు. నాకు కూడా చూపించి, "గీత చూడు నాన్నా," అంది. చూశాను. గీత తప్పలేదు.

నేను సమ్మయ్య తాళంచెవి జేబులో వేసుకుని మెట్లు దిగాను.

* * *

విశ్వవిద్యాలయం గేటు దగ్గర పోలీసులు వలలు బిగించిన వ్యాన్లలో కునికిపాట్లు పడుతున్నారు. లోపల రోడ్డు మీద నిరసనగా వంటా వార్పు; సమ్మయ్య అక్కడే ఉన్నాడని హాస్టలు పిల్లలు చెప్పారు. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గుండిగలు, తారు మీదే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న ఆడపిల్లలు, చెట్టుకు కట్టిన మైకులో పాట. మా కొట్లో చింతపండు కొనే పిల్లలే సగం మంది. అయినా మొన్న ఆసుపత్రిలో నేనన్న మాట గుర్తొచ్చి రోడ్డు వారగా ఆగాను.

మీవాళ్ళు రోడ్లు మూస్తారు, కొట్లు మూస్తారు, ఆఖరికి మందులో కూడా చెయ్యి పెడతారా అన్నాను. "మావోళ్ళా అన్నా?" అని మాత్రం అడిగాడు సమ్మయ్య. ఆ మావోళ్ళే, మా వదినె అని సమ్మయ్య అరిస్తే, తార్నాక చౌరస్తాలో అడ్డంగా పెట్టిన రాళ్ళు లాగి మా ఆటోకు దారి ఇచ్చారు. అది నేనలా అనడానికి గంట ముందు సంగతి.

"ఎవరు గావాలె పెద్దాయనా?" ఒక కుర్రవాడు అడ్డం వచ్చాడు.

"సమ్మయ్య అని..."

నా యాసకు తేరిపార చూశాడు. "యాడికెల్లి వచ్చినవ్?"

"తార్నాక."

"గది కాదు. అసలు ఊరు?"

"తెనాలి," అంది ఒక గొంతు గుండిగ వెనక నుంచి. "మా పాలోడు, కొట్ల సగం. రానియ్యి."

సమ్మయ్య బస్తాలోంచి బియ్యం కొలిచి గుండిగలో పోస్తున్నాడు. చేతిలో అతని మానిక. నాకు తాళంచెవి ఇచ్చే ముందు కొట్లోంచి తీసుకెళ్ళింది అదొక్కటే అని అప్పుడు అర్థమైంది.

"వదినె ఎట్లున్నది?" అన్నాడు తలెత్తకుండా.

"బాగుంది. పొద్దున సూది వేసుకుంది."

"ఎవరేసిన్రు?"

"శ్రీలలిత."

"ఏ మూత?"

"నారింజ."

మానిక బియ్యంలోనే ఆగింది. "ఎర్కైందన్న మాట," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు సమ్మయ్యా?"

"నువ్వు అడిగినవా?"

సమ్మయ్య ఆగిన మానిక ఎత్తి గుండిగలో పోశాడు.

"అడగలే. అడిగితే ఏదో ఒకటి జెప్దును. నువ్వు అడగలే, జెప్పినవ్. గంత మందిల జెప్పినవ్. నేను జవాబియ్యాలంటే బిడ్డ పేరు దియ్యాలె. సుట్టూత నర్సమ్మలు. దాన్ని సూసిన. నా దిక్కు సూస్తలేదు. ఊకున్న."

"నోరు జారాను. ఆమె పరిస్థితి చూసి కంగారులో..."

"జారలే అన్నా. బోర్డు మీద నేను రంగేపిచ్చినప్పటి సంది అది నీ కడుపుల ఉన్నది."

రెండేళ్ళ కిందట గొడవలు మొదలైనప్పుడు మా బోర్డు మీద 'తెనాలి' అన్న మాటకు రంగు పూయించింది సమ్మయ్యే. కొట్టును కాపాడాడు అనుకున్నాను. ఒక్కోసారి నా ఊరు చెరిపేశాడు అని కూడా అనుకున్నాను. ఆ రెండో మాట ఎన్నడూ పైకి అనలేదు. అతనికి తెలియదనుకున్నాను.

"నీ మానికతోని కొల్చినవ్ నన్ను," అన్నాడు సమ్మయ్య. నవ్వలేదు.

తాళంచెవి తీసి చాపాను. "తీసుకో. సాయంత్రం తెరుద్దాం."

"చేతుల బియ్యం ఉన్నది, సూస్తలేవా?"

"దులుపుకో."

దులుపుకోలేదు. ఇంకో మానిక పోశాడు. "తీస్కొని ఏం జెయ్యాలె? బస్తీల మావోళ్ళు నన్ను జూసి నవ్వుతున్నరు. ఆంధ్రోళ్ళకు ఇన్నేండ్లు జేసినవ్, ఆఖరికి విషం బెట్టినోడివైనవ్ అంటున్నరు. మీవోళ్ళు నేను కనవడితే రోడ్డుకు అవుతలికెల్లి పోతున్నరు. కొట్ల నిలబడనీకి తాళంచెవి సాలదన్నా, పేరుండాలె."

"నేను చెబుతాను. నలుగురిని పిలిచి నేనే చెబుతాను."

"నువ్వు జెప్తే దోస్తానాకు జెప్పినవంటరు. సూది ఏసిన చెయ్యి జెప్తేనే నమ్ముతరు."

"అది చెబితే దాని చదువు పోతుంది సమ్మయ్యా."

"అందుకే నేను అడుగుతలే."

మైకులో పాట మారింది. సమ్మయ్య చేతులు లుంగీకి తుడుచుకుని చెట్టు కిందికి వెళ్ళి ఒక పేపరు పొట్లం తెచ్చాడు.

"జొన్న రొట్టెలు. వదినెకు. అన్నం ఎక్కువ పెట్టకు ఆమెకు. సాలమ్మ చేసింది."

"మీ ఆవిడకు నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? కోపంతోనే చేసింది. అందుకే జర గట్టిగున్నయ్."

పొట్లం తీసుకున్నాను. తాళంచెవి నా రెండో చేతిలోనే ఉండిపోయింది.

* * *

మెట్లెక్కేసరికి ఎండ దిగింది. కాత్యాయని గుమ్మంలోనే ఉంది.

"తీసుకున్నాడా?"

"లేదు."

"ఇంకేం కావాలట?"

"ఏమీ అడగలేదు."

"అడగలేదా?" అంది శ్రీలలిత. యూనిఫారం పక్కన గోడకు ఆనుకుని ఉంది.

"నువ్వు చెబితే తప్ప తన పేరు తిరిగి రాదన్నాడు. చెబితే నీ చదువు పోతుంది కాబట్టి అడగను అన్నాడు."

"చూశావా, ఆయనే అడగను అన్నాడు," అంది కాత్యాయని గబగబా. "ఆ మంచితనం ఉంచుకుందాం. వార్డులో కుదురుకున్నాక, చదువు పూర్తయ్యాక, అప్పుడు చెప్పొచ్చు. ఏవండీ, మీరు చెప్పండి దానికి."

నా వైపు ఇద్దరూ చూశారు. వ్యాపారిగా నాకు సమాధానం తెలుసు. రేపు వచ్చే లాభం కోసం ఇవాళ ఒక నష్టాన్ని దాచిపెట్టమనే చెబుతాం మేము. ఆ మాట అనలేకపోయాను. చెప్పమనీ అనలేకపోయాను.

శ్రీలలిత వచ్చి నా చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. మంచం మీద నుంచి మందుల షాపు కవరు కూడా తీసుకుంది.

"ఎక్కడికి?"

"కొట్టు తెరుస్తాను. హాస్టలు వాళ్ళు పొద్దుటి నుంచి రెండుసార్లు వచ్చి వెళ్ళారు."

"ఇది ప్రమీలమ్మ పచ్చళ్ళకు వచ్చే వేళ," అంది కాత్యాయని.

"తెలుసమ్మా."

"తెలిసే వెళ్తున్నావా?"

శ్రీలలిత చెప్పులు వేసుకుంది. ఆమె అడుగులు మెట్ల మీద దిగిపోయాయి. కొట్టు మా ఇంటి కిందే. కాత్యాయని నా ముఖం చూడకుండా, "ఆపలేరా మీరు?" అంది. "కన్నతండ్రి కదా. ఒక్క మాటతో ఆపొచ్చు." నేను కదలలేదు. ఆమె లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

కింద షట్టరు పైకి లేచిన చప్పుడు. సమ్మయ్య ఒక్క ఊపులో లేపేవాడు. ఇది మధ్యలో ఆగి, మళ్ళీ కదిలి, మెల్లగా లేచింది. ఎవరో ఆడపిల్లలు నవ్వారు. కారం పొడి అడిగారు.

తర్వాత ప్రమీలమ్మ గొంతు. పైకి స్పష్టంగా వినపడింది.

"నువ్వున్నావేంటి శ్రీలలితా కొట్లో? సమ్మయ్య ఏడి? ఏదేదో అంటున్నారు ఆయన గురించి. నిజమేనా?"

ఆడపిల్లల నవ్వు ఆగింది. కాటా పళ్ళెం ఒకసారి టంగుమంది. సమాధానం ఇంకా రాలేదు.

బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మొదలుపెట్టినప్పుడు నాకు ఒక మానిక, ఒక మనిషి. ఇవాళ్టికి లెక్క చూసుకుంటే మనిషి క్యాంపస్‌లో తన మానికతో బియ్యం కొలుస్తున్నాడు, నా మానిక అరలో ఒంటరిగా ఉంది. వచ్చిన లాభం అంటూ నా చేతిలో ఉన్నది, అతని ఇంట్లో కోపంతో కాల్చిన రెండు రొట్టెలు.

కావలసినది కింద ఉంది, నా కూతురి నోట్లో.